రోగి రికార్డును చదవడం నేర్పే పీహెచ్‌డీ

ఆరోగ్య డేటా సైన్స్‌కు కావలసిన ముడిసరుకులో ఎక్కువ భాగం ఆసుపత్రిలోనే పుడుతుంది. ఓపీ చీటీ, కేస్ షీట్, రక్తపరీక్ష రిపోర్టు, స్కానింగ్, మందుల బిల్లు, బీమా క్లెయిమ్ అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కి కోట్ల వరసల పట్టికలవుతాయి. ఏ జబ్బు ఎవరికి ఎందుకొస్తోంది, ఏ మందు ఎవరికి పనిచేస్తోంది, ఎవరి పరిస్థితి విషమించే ప్రమాదం ఉంది అన్న సంగతులను ఆ పట్టికల నుంచి రాబట్టడం ఈ శాస్త్రం పని. చిక్కేమిటంటే, ఆ కాగితాల్లో చాలావరకు పరిశోధన కోసం రాసినవి కావు. డాక్టర్ రాసింది వైద్యం కోసం, కౌంటర్‌లో కొట్టింది బిల్లు కోసం, నర్సు నింపింది డ్యూటీ మారేలోపు తర్వాతి షిఫ్ట్‌కు అప్పగించడం కోసం.

మనిషిని కేంద్రంగా పెట్టుకున్న ఆరోగ్య డేటా సైన్స్ ఈ చిక్కు దగ్గరే మొదలవుతుంది. జబ్బుపడిన మనిషి, ఆ జబ్బును రికార్డుకెక్కించిన మనిషి, కంప్యూటర్ ఇచ్చిన సూచన చూసి నిర్ణయం తీసుకునే మనిషి, ఈ ముగ్గురి గురించీ తెలియకుండా వేసిన లెక్క చాలాసార్లు తప్పుతుంది. మనిషి సంగతి చూడటమంటే గణితం అంతా పూర్తయ్యాక చివర్లో చేర్చే నీతి అధ్యాయమని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లెక్క సరిగ్గా రావాలన్నా ఆ మనిషి సంగతి తెలియాల్సిందేనని గత కొన్నేళ్ల అనుభవం చెబుతోంది. ఈ రంగంలో పీహెచ్‌డీ చదువు తీరు మారడానికి అదే కారణం.

ఈ చదువు ఒక పద్ధతిగా కుదురుకున్న దేశాల్లో బ్రిటన్ ముందు వరసలో ఉంది. 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, దానికి పునాది. అక్కడ దాదాపు అందరూ తమ పేటలోని ఫ్యామిలీ డాక్టర్ దగ్గర నమోదై ఉంటారు. అందుకే ఒక మనిషి ఆరోగ్య చరిత్ర పుట్టినప్పటి నుంచి ఒకే దారాన దొరికే వీలుంది. ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు అందించే వ్యవస్థ అక్కడ 1987లోనే మొదలైంది. అదే ఇప్పుడు సీపీఆర్‌డీ పేరుతో నడుస్తోంది. వేల్స్‌లోని స్వాన్‌సీ విశ్వవిద్యాలయంలో, అలాంటి రికార్డులనే కలిపి ఉంచే సెయిల్ డేటాబ్యాంక్ 2007లో వచ్చింది. ఆరోగ్య పరిశోధన కోసం యూకే బయోబ్యాంక్ 2006-2010 మధ్య 40 నుంచి 69 ఏళ్ల వయసున్న 5 లక్షల మందిని చేర్చుకుంది. ఇంత డేటా పోగయ్యాక దాన్ని చదవగల మనుషుల కొరత బయటపడింది.

ఆ కొరత తీర్చడానికి వాడుకున్నదే డాక్టోరల్ ట్రెయినింగ్ సెంటర్ల పద్ధతి. పాత పద్ధతి పీహెచ్‌డీలో ఉండేది ఒక గైడ్, ఒక విద్యార్థి, ఒక అంశం. కొత్త పద్ధతిలో ఏటా ఒక బ్యాచ్ చేరుతుంది, అందరూ మొదట కలిసి చదువుతారు, తర్వాతే ఎవరి పరిశోధన వాళ్లది. కోర్సు కాలం సాధారణంగా నాలుగేళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో బిగ్ డేటా ఇన్‌స్టిట్యూట్ కేంద్రంగా ఆరోగ్య డేటా సైన్స్ శిక్షణ కేంద్రం 2019లో మొదలైంది. అదే ఏడాది స్వాన్‌సీలో, డేటాతోను, తెలివైన యంత్రాలతోను మనుషులు కలిసి పనిచేసే తీరు మీద మరో కేంద్రం వచ్చింది. హెల్త్ డేటా రీసెర్చ్ యూకే, ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి పలు విశ్వవిద్యాలయాల్లో నడిపిన పీహెచ్‌డీ కార్యక్రమం 2020లో విద్యార్థులను చేర్చుకుంది.

అంకె ఎక్కడి నుంచి వచ్చింది

మొదటి ఏడాది తరగతి గదిలో రకరకాల వాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. గణితం చదివినవాళ్లు, కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు, డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు. ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాదు. డాక్టర్ కోడ్ రాయడం నేర్చుకోవాలి. గణితం విద్యార్థి వార్డులో రౌండ్లు ఎలా జరుగుతాయో చూడాలి. గణాంకశాస్త్రం, ఎపిడెమియాలజీ, మెషీన్ లెర్నింగ్, కార్యకారణ సంబంధాలను తేల్చే పద్ధతులు, వైద్యనీతి, డేటా చట్టాలు పాఠాల్లో ఉంటాయి. వీటన్నిటి కంటే కష్టమైన పాఠం ఒకటుంది: కళ్ల ముందున్న అంకె అక్కడికి ఎలా వచ్చిందో కనిపెట్టడం.

బోస్టన్‌లోని రెండు ఆసుపత్రుల రికార్డులతో చేసిన అధ్యయనం ఒకటి 2018లో బీఎంజే పత్రికలో వచ్చింది. పరిశోధకులు 272 రకాల ల్యాబ్ పరీక్షలను తీసుకుని, పేషెంటు మూడేళ్లు బతుకుతారా లేదా అన్నదానికీ వాటికీ ఉన్న సంబంధాన్ని చూశారు. రిజల్టు ఏమొచ్చిందన్నది పక్కనబెట్టినా, 233 పరీక్షల విషయంలో అసలు ఆ పరీక్ష రాశారా లేదా అన్నదానికే ప్రాణంతో సంబంధం కనబడింది. పోల్చి చూడటానికి వీలైన 174 పరీక్షల్లో 118 పరీక్షలకు, రక్తంలో తేలిన విలువ కంటే పరీక్ష ఏ వేళ, ఎన్ని రోజుల తేడాతో చేయించారన్నదే మేలైన సూచిక అయింది. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పగలు పదింటికి చేసే తెల్లరక్తకణాల పరీక్ష మామూలు చెకప్‌లో భాగం కావచ్చు. అదే పరీక్ష తెల్లవారుజామున మూడింటికి రాశారంటే, నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లకు ఏదో అనుమానం వచ్చిందన్నమాట. పట్టికలో రెండూ ఒకే గడిలో, ఒకే రకం అంకెగా కనిపిస్తాయి. వార్డు ముఖం చూడని విద్యార్థికి ఆ తేడా తట్టదు.

ఇలాంటి పాఠాల్లో అందరూ చెప్పుకొనేది న్యుమోనియా ఉదంతం. న్యుమోనియాతో వచ్చినవాళ్లలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువ, ఎవరిని ఇంటికి పంపవచ్చు అన్నది అంచనా వేసే నమూనాలను 1990ల్లో అమెరికాలో తయారుచేశారు. వాటిలో న్యూరల్ నెట్‌వర్క్ అన్నిటికంటే కచ్చితంగా తేలింది. అదే డేటా మీద నడిపిన మరో నమూనా మాత్రం తను నేర్చుకున్న నియమాలను అందరూ చదవగలిగే మాటల్లో బయటపెట్టింది. ఉబ్బసం ఉన్నవాళ్లకు న్యుమోనియా వస్తే చనిపోయే ప్రమాదం తక్కువ అన్నది ఆ నియమాల్లో ఒకటి. వైద్యులు వెంటనే పట్టుకున్నారు. ఉబ్బసం ఉన్న మనిషికి న్యుమోనియా వస్తే నేరుగా ఐసీయూలో చేరుస్తారు, గట్టి వైద్యం చేస్తారు, అందుకే బతుకుతారు. డేటా అబద్ధం చెప్పలేదు, కానీ ఆ మాట నమ్మి ఉబ్బసం రోగులను ఇంటికి పంపితే ప్రాణాలు పోతాయి. న్యూరల్ నెట్‌వర్క్ కూడా అదే నేర్చుకుని ఉండవచ్చు, పైగా అది లోపల ఏం నేర్చిందో చూసే దారి లేదు. అందుకని దాన్ని వాడకుండా పక్కనపెట్టారు. ఆ పనిలో పాల్గొన్న రిచ్ కారువానా 2015లో తన బృందంతో రాసిన పత్రంలో, కచ్చితత్వం పెద్దగా తగ్గకుండానే మనిషి చదివి సరిదిద్దగల నమూనాలు కట్టవచ్చని చూపించారు.

డబ్బు కొలత తెచ్చిపెట్టిన పొరపాటు ఇంకో రకం. అమెరికాలో కోట్ల మందికి వాడుతున్న తరహా అల్గారిథం ఒకదాన్ని జియాద్ ఒబెర్‌మేయర్ బృందం పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో రాసింది. ఎవరికి అదనపు వైద్య సహాయం అవసరమో చెప్పడం దాని పని. అవసరాన్ని నేరుగా కొలవడం కష్టం కనుక, వైద్యానికి అయ్యే ఖర్చును కొలతగా తీసుకున్నారు. నల్లజాతివాళ్లకు వైద్యం అందడమే తక్కువ, అందుకే వాళ్ల మీద ఖర్చూ తక్కువ. ఫలితంగా ఒకే స్కోరు వచ్చిన ఇద్దరిలో నల్లజాతి మనిషి ఎక్కువ జబ్బుతో ఉన్నట్టు తేలింది. ఆ తేడా సరిచేస్తే అదనపు సహాయం పొందేవారిలో నల్లజాతివాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని లెక్కగట్టారు. కోడ్‌లో ఎక్కడా జాతి ప్రస్తావన లేదు. ఏది కొలవాలన్న మొదటి నిర్ణయంలోనే పొరపాటు జరిగింది. పీహెచ్‌డీ విద్యార్థి మొదటి ఏడాదిలో నేర్వాల్సింది ఆ మొదటి నిర్ణయాన్ని ప్రశ్నించడం. నాలుగేళ్ల చదువులో ఈ ఏడాదిని కుదించి, పత్రాలు త్వరగా రాయించాలనే ఒత్తిడి చాలా చోట్ల ఉంది. దానికి లొంగకూడదు.

క్లినిక్ గదిలో వెలుతురు

రెండో దశలో విద్యార్థి కంప్యూటర్ ముందు నుంచి లేచి వెళ్లాలి. గమనించడం, ఇంటర్వ్యూ చేయడం, విన్నదాన్ని పద్ధతిగా విశ్లేషించడం అనే విద్యలు ఒకప్పుడు సామాజిక శాస్త్రాల విద్యార్థులకే నేర్పేవారు. ఇప్పుడు డేటా సైన్స్ విద్యార్థికీ తప్పనిసరి అవుతున్నాయి. ఎందుకన్నది థాయిలాండ్ అనుభవం చూస్తే తెలుస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లలో కంటి రెటీనా దెబ్బతినడాన్ని ఫొటో చూసి గుర్తించే కృత్రిమ మేధను గూగుల్ పరిశోధకులు 2016లో ప్రకటించారు. శిక్షణకు వాడిన 1,28,175 ఫొటోల్లో మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రులవీ ఉన్నాయి. పరీక్షలో అది కంటి డాక్టర్లకు దీటుగా నిలిచింది. తర్వాత దాన్ని థాయిలాండ్‌లోని 11 క్లినిక్‌లలో వాడి చూశారు. ఎమ్మా బీడె బృందం ఆ క్లినిక్‌లలో కూర్చుని నర్సులు పనిచేసే తీరును గమనించి 2020లో పత్రం రాసింది.

అక్కడ కనిపించినవన్నీ చిన్న సంగతులే. రెటీనా ఫొటో బాగా రావాలంటే గది చీకటిగా ఉండాలి. చాలా క్లినిక్‌లలో అలాంటి గదే లేదు. మొదటి ఆరు నెలల్లో తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని నాణ్యత చాలదని యంత్రం తిప్పికొట్టింది. వాటిలో కొన్ని నర్సు చూసి పోల్చుకోగలిగేవే. యంత్రం వద్దన్న ప్రతిసారీ పేషెంటును కంటి డాక్టర్ దగ్గరకు పంపాలి. అంటే మరో రోజు కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని ఇంకో ఊరు వెళ్లాలి. ఫొటోలు అప్‌లోడ్ కావడానికి ఇంటర్నెట్ నెమ్మది. ఒకచోట రెండు గంటలు నెట్ పోతే ఆ రోజు చూడాల్సిన 200 మందిలో వంద మందినే చూడగలిగారు. అంత ప్రయాణం చేయలేని పేషెంట్లు ఎక్కడ ఇబ్బంది పడతారోనని, ఈ అధ్యయనంలో చేరవద్దని కొందరు నర్సులే సలహా ఇచ్చారు. ల్యాబ్‌లో కొలిచిన కచ్చితత్వంలో ఈ గది వెలుతురుకు, ఈ బస్సు చార్జీకి చోటు లేదు. ఆ నర్సుల మాటలు విని పత్రంగా రాయడం అల్గారిథం కట్టడంతో సమానమైన శాస్త్రీయ కృషి. శిక్షణ కేంద్రాలు థీసిస్‌లో దానికి అధ్యాయం కేటాయించేది అందుకే.

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ ఇలాంటి పరీక్షే ఒకటి జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ చేపట్టిన స్మార్ట్‌హెల్త్ ప్రయోగంలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, వివరాలు నమోదు చేస్తే గుండెజబ్బు ముప్పు ఎంతో ఆ ట్యాబ్ చెబుతుంది, ముప్పు ఉన్నవారిని డాక్టర్ దగ్గరకు పంపుతారు. ఆశాలు ఆ పని సమర్థంగా చేశారు. అయినా 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముప్పును గుర్తించడం వేరు. ఆ మనిషి పీహెచ్‌సీకి వెళ్లడం, అక్కడ డాక్టర్ ఉండటం, మందు దొరకడం, నెలల తరబడి మానకుండా వేసుకోవడం వేరు. ఇలాంటి ఫలితాన్ని దాచకుండా ప్రచురించడం ఈ రంగానికి చాలా మేలు చేసింది.

తాళం ఎవరి దగ్గర

రోగి గోప్యతను కాపాడటం ఈ చదువులో మరో పెద్ద పాఠం. లాటన్యా స్వీనీ 1990ల్లో ఎంఐటీలో డాక్టరేట్ విద్యార్థిని. మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు, చిరునామాలు తీసేసి పరిశోధకులకు ఇచ్చింది. ఆమె కేంబ్రిడ్జ్ నగరపు ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, ఆ రికార్డుల పక్కన పెట్టి చూశారు. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీనే పుట్టిన ఓటర్లు ఆ ఊళ్లో ఆరుగురు, వారిలో మగవాళ్లు ముగ్గురు, ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఒక్కరే. గవర్నర్ ఆసుపత్రి రికార్డు దొరికిపోయింది. పేరు తీసేస్తే సరిపోతుందన్న నమ్మకం ఆ దెబ్బతో పోయింది.

బ్రిటన్‌లో నమ్మకం పోవడం ఎంత ఖరీదైనదో కేర్ డాట్ డేటా పథకం చూపించింది. ఇంగ్లండ్‌లోని ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులను ఒకచోట చేర్చాలని 2013లో మొదలుపెట్టారు. ఆ సమాచారం ఎవరి చేతికి వెళుతుందో జనానికి సరిగా చెప్పలేదు. గగ్గోలు రేగి 2014 ఫిబ్రవరిలో ఆపారు, 2016లో పూర్తిగా ఎత్తేశారు. 2021లో మళ్లీ అలాంటి ప్రయత్నమే జరిగితే పది లక్షల మందికి పైగా తమ రికార్డులు ఇవ్వబోమని నమోదు చేసుకున్నారు. పరిశోధకులకు దీని వల్ల కలిగే నష్టం సూటిగా ఉంటుంది. తప్పుకున్నవాళ్లు ఒకే తరహా మనుషులైతే, మిగిలిన డేటా జనాభాకు అద్దం పట్టదు.

కోవిడ్ కాలంలో బెన్ గోల్డేకర్ బృందం, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ పరిశోధకులు కలిసి తయారుచేసిన ఓపెన్‌సేఫ్‌లీ మరో దారి చూపింది. అందులో డేటా పరిశోధకుల దగ్గరకు రాదు. రికార్డులు ఉన్నచోటే ఉంటాయి. విద్యార్థి నకిలీ డేటా మీద కోడ్ రాసి పంపితే, అది అసలు రికార్డుల మీద నడుస్తుంది. ఏ కోడ్ ఎప్పుడు నడిచిందో ఎవరైనా చూడవచ్చు. కోటీ 70 లక్షల మందికి పైగా పెద్దల రికార్డులతో కోవిడ్ మరణాలతో ముడిపడిన అంశాలను పరిశీలించిన పత్రం 2020లో నేచర్‌లో వచ్చింది ఈ పద్ధతిలోనే. అలాంటి భద్రమైన వ్యవస్థల ద్వారానే పరిశోధన సాగాలని 2022లో గోల్డేకర్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక సిఫారసు చేసింది.

అందువల్ల పీహెచ్‌డీ విద్యార్థికి ఈ కట్టుబాట్లలో పనిచేయడం ఒక నైపుణ్యంగా నేర్పుతారు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం దగ్గర శిక్షణ పొంది, పరీక్ష రాసి, గుర్తింపు పొందాకే కొన్ని రకాల డేటాను తాకనిస్తారు. ఫలితాల పట్టిక బయటకు తెచ్చే ముందు వేరొకరు తనిఖీ చేస్తారు. ఒక గడిలో ఇద్దరో ముగ్గురో మాత్రమే ఉంటే ఆ అంకెను తీసేస్తారు, ఎందుకంటే చిన్న ఊళ్లో అరుదైన జబ్బున్న ఇద్దరెవరో ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది. అనుమతులకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అనుభవమున్న గైడ్ అందుకే మొదటి నెలల్లోనే దరఖాస్తు పెట్టించి, అవి వచ్చేదాకా బోస్టన్ ఐసీయూ రికార్డులతో తయారైన మిమిక్ లాంటి డేటా మీద పద్ధతులు సాధన చేయిస్తారు. మిమిక్‌ను, ఆన్‌లైన్‌లో మానవ పరిశోధన నీతి కోర్సు పూర్తిచేసి ఒప్పందం మీద సంతకం చేసిన విద్యార్థి ఎవరైనా, గుంటూరులో ఉన్నా వరంగల్‌లో ఉన్నా, వాడుకోవచ్చు.

పేషెంట్లు, గైడ్లు, వైవా

పరిశోధన ప్రశ్నను నిర్ణయించడంలో పేషెంట్లకు భాగం ఇవ్వడం ఈ శిక్షణలోని మరో ముఖ్యాంశం. ఏ జబ్బులో ఏ ప్రశ్నలకు ముందు జవాబు వెతకాలో పేషెంట్లు, వాళ్లను చూసుకునేవాళ్లు, వైద్యులు కలిసి తేల్చే పద్ధతిని జేమ్స్ లిండ్ అలయన్స్ 2004 నుంచి నడుపుతోంది. పీహెచ్‌డీ స్థాయిలో ఇది చిన్న బృందంగా ఉంటుంది. ఆ జబ్బుతో బతుకుతున్న కొద్దిమంది ఏడాదికి కొన్నిసార్లు కూర్చుని విద్యార్థి పనిని వింటారు, వాళ్ల సమయానికి డబ్బు ఇస్తారు. ఆసుపత్రిలో చేరాల్సి రావడాన్ని విద్యార్థి ముఖ్య ఫలితంగా ఎంచుకుంటే, మెట్లెక్కలేకపోవడం, నిద్ర పట్టకపోవడం తమకు అంతకంటే ముఖ్యమని వాళ్లు చెప్పవచ్చు. అవి రికార్డుల్లో దొరకవు, విడిగా అడిగి సేకరించాలి. పని పెరుగుతుంది, థీసిస్ మెరుగుపడుతుంది.

గైడ్లు కనీసం ఇద్దరుంటారు, ఒకరు లెక్కల వైపు, ఒకరు వైద్యం వైపు. ఇందులో ఓ ఇబ్బంది కూడా ఉంది. రెండు శాఖల మధ్య నిలబడిన విద్యార్థిని ఏ శాఖా పూర్తిగా తనవాడిగా చూడదు. ఒకరు కొత్త అల్గారిథం లేదంటారు, ఇంకొకరు వైద్యానికి ఏం లాభమంటారు. బ్యాచ్‌గా చదవడం ఇక్కడ ఆదుకుంటుంది, అదే స్థితిలో ఉన్నవాళ్లు పక్కనే ఉంటారు. చివర జరిగే వైవాలో ఒక అంతర్గత, ఒక బయటి పరీక్షకులు తలుపులు మూసిన గదిలో గంటల తరబడి ప్రశ్నిస్తారు. మన విశ్వవిద్యాలయాల్లో మాదిరి అందరి ముందూ జరిగే తంతు కాదది. నమూనా ఎంత కచ్చితమన్నది వాళ్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి మాత్రమే. రికార్డుల్లో ఎవరు లేరు, తప్పు సూచన వస్తే ఎవరు నష్టపోతారు అని కూడా అడుగుతారు.

తెలుగు నేల మీద

పుట్టుకకు ముందు అందిన పోషణ పెద్దయ్యాక ఆరోగ్యాన్ని ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి ప్రపంచ పరిశోధకులు ఆశ్రయించే ఆధారాల్లో ఒకటి హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే ఉంది. 1987-90 మధ్య 29 గ్రామాలను తీసుకుని, వాటిలో కొన్నిటిలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందించి చూసిన ప్రయోగంలోని పిల్లలను, వాళ్ల కుటుంబాలను ఏపీక్యాప్స్ అధ్యయనం ఏళ్ల తరబడి అనుసరిస్తోంది. జాతీయ పోషకాహార సంస్థ, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ కలిసి దాన్ని నడుపుతున్నాయి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి సొంతంగా తయారుచేసుకున్న ఐస్మార్ట్ రికార్డుల వ్యవస్థలో లక్షలాది పేషెంట్ల వివరాలున్నాయి.

దేశం మొత్తం మీద డేటా ఇంకా వేగంగా పోగవుతోంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలై 14 అంకెల ఆభా ఆరోగ్య గుర్తింపు నంబరు తెచ్చింది. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఈ డేటాను చదివే పరిశోధకుల తయారీకి చట్టపరమైన అడ్డు ఏమీ లేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ విద్యార్థి కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ చేయాలి. ఆ క్రెడిట్లలో వార్డు పరిశీలనకు, ఆశా కార్యకర్తతో ఇళ్లకు వెళ్లడానికి, పేషెంట్ల బృందంతో మాట్లాడటానికి చోటివ్వాలని విశ్వవిద్యాలయం అనుకుంటే ఇవ్వవచ్చు. ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ ఒకే ఊళ్లో ఉన్న చోట్లు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేం కాదు. రెండిటి మధ్య ఉమ్మడి గైడ్‌షిప్ అరుదు కావడమే లోటు.

బ్రిటన్ వెళ్లి చదవాలనుకునేవారికి 2021 నుంచి దారి కాస్త వెడల్పయింది. ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్‌ఐ డబ్బుతో నడిచే శిక్షణ కేంద్రాలు ఒక్కో బ్యాచ్‌లో 30 శాతం వరకు విదేశీ విద్యార్థులను తీసుకోవచ్చు. 2025-26లో కనీస స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు. విదేశీ విద్యార్థికి పడే అదనపు ఫీజును విశ్వవిద్యాలయం భరిస్తుందా అన్నది కేంద్రాన్ని బట్టి మారుతుంది, దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి. గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ప్రజారోగ్యం చదివినవాళ్లు అర్హులు. పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు విశ్వవిద్యాలయాల్లో, ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో, మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరుతున్నారు.